తిరుపతిలో విల్లు రిపేరు చేసే షాపులు ఏమైనాయి, పిల్లోడికి విల్లు యాడ కొనాలి?

అన్న అడిగింది క్లుప్తంగా ఇదీ: పిల్లోడికి 11 ఏళ్ళు, స్కూల్లో ఆర్చరీ చూసొచ్చి నేర్చుకుంటా అని పట్టు పట్టినాడు, గాంధీరోడ్డు తిలక్‌రోడ్డు అంతా తిరిగినా విల్లు చూపించే షాపు ఒక్కటీ కనపళ్ళేదు, స్పోర్ట్స్ షాపుల్లో అడిగితే రబ్బరు బుడుపు బాణాలు ఉండే బొమ్మ విల్లు తీసి పెడతా ఉండారు, ఒకప్పుడు ఈ సామాన్లు ఊర్లోనే దొరికేవంట కదా ఆ షాపులు ఏమైనాయి, ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొనేయాల్నా లేదంటే చెన్నైకి పోవాల్నా అని.

జవాబు ముందే చెప్పేస్తా. ఇప్పుడే ఏమీ కొనొద్దండి. ఆన్‌లైనూ వద్దు చెన్నై కూడా వద్దు. మొదటి మూడు నాలుగు నెలలు నేర్పించే చోట ఉండే విల్లుతోనే కానీయండి, సొంతంగా ఒక టాబు (నారి లాగే వేళ్ళకు వేసుకునే ముక్క), ఆర్మ్ గార్డు (నారి తగలకుండా ముంజేతికి కట్టుకునేది) ఉంటే చాలు. కొనేటప్పుడు ఏం చూడాలో కింద రాస్తా.

ఇంక షాపులు ఎందుకు పోయినాయి అంటే, అందరూ ఆన్‌లైన్ మీదికి తోసేస్తారు గానీ నా లెక్క వేరే. మా షాపోళ్ళ పని విల్లు అమ్మేది అని జనం అనుకున్నారు, నిజానికి మా పని అమ్మిన విల్లుని చూసుకునేది, దారం పోతే చుట్టేది, నాక్ (బాణం వెనక కొనలో నారికి తగిలించే గాడి) విరిగితే మార్చేది, రెక్కలు ఊడితే అంటించేది. ఆ పనికి మేమెవ్వరం విడిగా డబ్బులు అడగలేదు, విల్లు మీద మిగిలేదాంట్లోనే కలిపేసుకున్నాం. ఎప్పుడైతే విల్లు అమ్మకం చేజారిందో ఆ పనికి డబ్బులిచ్చే దారే లేకుండా పోయింది. అంతే కథ, మిగతావన్నీ దానికి తోడైనవి.

నేనెవరంటే, తిరుపతిలో చానా ఏళ్ళు స్పోర్ట్స్ షాపు నడిపినోణ్ణి. క్రికెట్ బ్యాట్లు, షటిల్ రాకెట్లకు గట్టింగు, క్యారమ్ బోర్డులు, స్కూళ్ళకు కప్పులు షీల్డులు, వీటి మధ్యలో ఒక మూల ఆర్చరీ. షాపు ఇచ్చేసినా ఇంటి దగ్గర స్ట్రింగులు కట్టేది, బాణాలకు రెక్కలు వేసేది మాత్రం ఇంకా వదల్లేదు, తెలిసిన పిల్లకాయలు వస్తా ఉంటారు.

ఒక విషయం ముందే చెప్పాల. నాకు తెలిసి ఒట్టి ఆర్చరీకే బోర్డు పెట్టుకున్న షాపు మన ఊర్లో ఏనాడూ లేదు. మీరు విన్నది స్పోర్ట్స్ షాపులో ఉండే ఆ మూల గురించే. ఆ మూలకన్నా ముందు ఇంకో రకం ఉండేది, మేదర వాళ్ళు. వెదురుతో తట్టలు, చాటలు, బుట్టలు అల్లేవాళ్ళే అడిగితే విల్లు కూడా వంచి ఇచ్చేవాళ్ళు. అడిగేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు మరి, మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లెల్లో భారతం పెడతారు కదా, ధర్మరాజుల గుడి ముందర పగలు హరికథ రాత్రి వీధినాటకం, అందులో అర్జునుడికి విల్లు లేకపోతే ఎట్లా. తపస్సు మాను ఎక్కే రోజు అర్జునుడి వేషం వేసినాయన నడుముకి బాణాలు, భుజాన విల్లు పెట్టుకుని ఆ పొడుగాటి మాను పైకి ఎక్కి పద్యాలు పాడతా ఉంటే కింద పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడోళ్ళు తడిబట్టలతో పడుకుని ఉంటారు, ఆయన పైనుంచి వేసే నిమ్మకాయ కోసం. అది చూడని చిత్తూరోడు ఉండడు. ఆ విల్లు ఉత్త డెకరేషన్ అనుకుంటారు గానీ మంచి నాటకం కంపెనీ వాళ్ళు నిజంగా వంగే వెదురు విల్లే కావాలనేవాళ్ళు, లాగి వదిలితే ‘టంగ్’ మని శబ్దం రావాలి, జనానికి వినపడాలి అని. ఒకాయన నా దగ్గరికి కూడా తెచ్చినాడు, నారి తెగిపోయింది వేయమని. ఇప్పుడు అవి కూడా ప్లాస్టిక్ పైపుకి జరీ కాగితం చుట్టినవే.

శ్రీకాళహస్తిలో శివరాత్రి బ్రహ్మోత్సవాలు మొదలయ్యేదే భక్త కన్నప్ప ధ్వజారోహణంతో, అంటే స్వామి కన్నా ముందు వేటగాడికి జెండా ఎత్తే ఊరు మనది. విల్లు పట్టుకున్న దేవుడికి కొదవ లేదు, తిరుపతి నడిబొడ్డులో కోదండరాముడే ఉండాడు. కానీ దేవుడి చేతిలో ఉంటే వ్యాపారం నడవదు కదా. అడవిలో వాడేవాళ్ళు ఉంటేనే విల్లు చేసే చెయ్యి బతుకుతుంది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చినాక వేట నేరం అయింది, అది కరెక్టే, మా శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ కూడా అయింది, ఎవరూ దాన్ని తప్పు పట్టరు. కానీ విల్లుకి నిత్యం ఉండే పని ఆడతో తెగిపోయింది. మేఘాలయ చూడండి, షిల్లాంగ్‌లో తీర్ అని ఆదివారం తప్ప రోజూ సాయంత్రం వెదురు విల్లులతో గుంపుగా కొడతారు, ఎన్ని బాణాలు గుచ్చుకున్నాయో దాని చివరి రెండంకెల మీద పందెం, అక్కడ అది చట్టం ప్రకారమే నడుస్తుంది. పందెం మంచిదా చెడ్డదా పక్కన పెడితే రోజూ బాణాలు పోతా ఉంటాయి కాబట్టి చేసేవాడికి రోజూ పని ఉంటుంది. మనకు అట్లాంటిది ఏమీ లేదు.

సరే ఇంక స్పోర్ట్స్ షాపు సంగతికి వస్తా.

మొదట్లో మేము అమ్మింది ఇండియన్ రౌండ్ విల్లులు. వెదురు విల్లు, వెదురు బాణాలు, గురి చూసే సైట్ లేదు, విల్లు ఊగకుండా పట్టే స్టెబిలైజర్ లేదు, ఏమీ లేదు, పెద్దోళ్ళకు 50 మీటర్లు 30 మీటర్ల దూరం నుంచి కొట్టేది. లింబారామ్ నుంచి దీపికా కుమారి దాకా మన దేశంలో పెద్ద పేరు తెచ్చుకున్నోళ్ళు చానా మంది వెదురు విల్లుతోనే మొదలైనారు. స్కూలు గేమ్స్‌కి పోయే పిల్లకాయలకు ఇదే. ధర తక్కువ, దాంట్లో మాకు మిగిలేది ఇంకా తక్కువ, కానీ ఆ విల్లు కొన్న పిల్లోడు ప్రతి వారం వచ్చేవాడు. వెదురు బాణం వంకర పోతే నిప్పు సెగ మీద రొంత వెచ్చజేసి చేత్తో సరిచేయాల, ఈక ఊడితే అంటించాల, నారి మధ్యలో చుట్టిన దారం అరిగిపోతే మళ్ళా చుట్టాల. వాడు వచ్చినప్పుడల్లా ఒక షటిల్ డబ్బానో ఒక గ్రిప్పో వాళ్ళ నాన్న చేత కొనిపించేవాడు. షాపు నడిచింది దానిమీద.

తర్వాత రికర్వ్, అంటే కొనలు ముందుకి వంగి ఉండే ఒలింపిక్స్ రకం విల్లు, వచ్చింది, అల్యూమినియం బాణాలు వచ్చినాయి. ఈ అల్యూమినియం బాణం ఉంది చూడండి, నా దృష్టిలో షాపోడికి దానంత మంచి సరుకు మళ్ళా రాలేదు. బాణం మీద 1716 అని నంబరు ఉంటుంది, మొదటి రెండంకెలు లావు, అంగుళంలో 64 భాగాలకు 17 భాగాలు, చివరి రెండంకెలు గొట్టం గోడ మందం, అంగుళంలో వెయ్యి భాగాలకు 16. పిల్లోడు టార్గెట్ తప్పి స్టాండు కర్రకి కొట్టినాడంటే బాణం వంగుతుంది. వంగితే పారేయక్కర్లా, స్ట్రెయిటెనర్ అని చిన్న మిషన్ ఉంటుంది, రెండు చక్రాల మీద బాణం పెట్టి తిప్పుతా డయల్ చూసుకుంటా నొక్కితే మళ్ళా వెంట్రుక వాసి తేడా లేకుండా వస్తుంది. అది ఇంట్లో ఎవరూ పెట్టుకోరు, షాపుకే రావాల.

కార్బన్ బాణాలు రాగానే ఆ మిషన్‌కి పని పోయింది. కార్బన్ వంగి అట్లే ఉండిపోదు, ఉంటే నిటారుగా ఉంటుంది లేదంటే పగులుతుంది. పగిలిందాన్ని రిపేరు చేసేదే లేదు, విరిచి చెత్తబుట్టలో వేయాల. ఇది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోండి: కార్బన్ బాణం ప్రతిసారీ వేసే ముందు రెండు చేతులతో పట్టుకుని చెవి దగ్గర రొంత వంచి చూడాలి, చిటపట శబ్దం వచ్చినా గోరుకి గీత తగిలినా ఆ బాణం మళ్ళా విల్లుకి ఎక్కకూడదు. పగిలిన కార్బన్ బాణం వదిలేటప్పుడు చీలి విల్లు పట్టుకున్న చేతిలోకి పోతుంది, పీచులు పీచులుగా, డాక్టరు తీసేది కూడా కష్టం.

అదే టైములో స్టాక్ పెట్టేది కష్టమైపోయింది. ఇది బయటోళ్ళకి అర్థం కాదు కాబట్టి లెక్క చెప్తా. క్రికెట్ బ్యాటు అయితే సైజులు కొన్నే, ఎవడొచ్చినా ఏదో ఒకటి సరిపోతుంది. రికర్వ్ విల్లు మూడు ముక్కలు, మధ్యలో పట్టుకునేది రైజర్, పైనా కిందా రెండు లింబులు. లింబులు పొట్టి, మధ్యస్తం, పొడుగు మూడు సైజులు. విల్లు లాగేదానికి ఎంత బలం కావాలో పౌండ్లలో చెప్తారు, ఒక్కో సైజులో 16 పౌండ్ల నుంచి 40 దాకా రెండేసి పౌండ్ల తేడాతో 13 రకాలు. అంటే ఒక్క మోడల్‌కే 39 జతలు షాపులో ఉండాల. రైజర్ కుడిచేతివాళ్ళకి ఎడమచేతివాళ్ళకి వేరే వేరే. బాణాలైతే స్పైన్ అని ఇంకో లెక్క, బాణం ఎంత బిరుసుగా ఉందో చెప్పేది, 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద పెట్టి మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే ఎంత కుంగుతుందో అది, అర అంగుళం కుంగితే 500 అంటారు. పిల్లోడి పౌండ్లకి, బాణం పొడుగుకి తగిన స్పైన్ ఇవ్వాల, ఒకరి బాణాలు ఇంకొకరికి కుదరవు. ఇన్ని రకాలు పెట్టుకునేది తిరుపతిలో ఏడాదికి పదిమంది కూడా కొనని సరుకుకి! షాపు బాడుగ ఒక పక్క, బస్టాండు రైల్వే స్టేషన్ చుట్టుపక్కల బాడుగలు లాడ్జీలు, టిఫిన్ సెంటర్లు కట్టగలిగే రేట్లు, యాత్రికుల రష్ చూసి వేసే బాడుగ అది, బ్యాట్లు బంతులు అమ్మేవాడు యాడ కడతాడు.

కాబట్టి మేము చేసింది ఏందంటే శాంపిల్‌కి ఒక విల్లు పెట్టుకుని ఆర్డర్ మీద తెప్పించేది. అడ్వాన్స్ తీసుకుని ఢిల్లీకో కలకత్తాకో ఫోన్ కొట్టి నెల ఆగమనేది. ఆన్‌లైన్ వచ్చినాక అదే పని కస్టమరు ఫోన్‌లో చేసుకుంటాడు కదా, ఇంక మాతో పనేముంది. కాబట్టి ఆన్‌లైన్‌ని తిట్టేది నాకు నచ్చదు. ఎడమచేతి పిల్లకాయలు ఎంతమంది ఈ ఆర్డర్ల కోసం సీజన్ సీజన్లు వేస్ట్ చేసుకున్నారో నాకు తెలుసు, కొంతమంది విసుగొచ్చి కుడిచేత్తోనే నేర్చుకున్నారు పాపం. వాళ్ళకి ఆన్‌లైన్ దేవుడే.

ఇంకొకటి మొహమాటం లేకుండా చెప్తా. పెద్ద సామాన్లు అకాడమీల ద్వారా పోవడం మొదలైంది. కోచ్ ఏది చెప్తే తల్లిదండ్రులు అదే కొంటారు, అది సహజమే, ఆయనకే కదా తెలుసు. చానా మంది నిజాయితీగానే చెప్తారు, కొందరు కమిషన్ మాట్లాడుకుంటారు. ఏది ఎట్లున్నా విల్లు షాపు మీదుగా రాదు, రిపేరు మాత్రం షాపుకి వస్తుంది. “అన్నా రొంత ఈ సర్వింగ్ చుట్టి పెట్టు” అంటారు, నారి మధ్యలో చుట్టే దారమే సర్వింగ్, గంట పని. వంద రూపాయలు అడిగితే “దారానికి వందనా?” అని మొహం చూస్తారు. దారానికి కాదు సామీ, చుట్టే చేతికి. పదిసార్లు అడిగించుకున్నాక ఎవరైనా కౌంటర్ తీసేస్తారు. పెద్ద కంపెనీ వాళ్ళే తట్టుకోలేకపోయినారు, చిన్న షాపులు ఎంత. యమహా 1959 నుంచి విల్లులు చేసింది, పియానోలు, కీబోర్డులు చేసే యమహానే, ప్రపంచ చాంపియన్లు వాడిన విల్లులు, 2002లో ఆ డిపార్ట్‌మెంటే మూసేసింది.

విజయవాడ సంగతి కూడా ఉంది. మన రాష్ట్రంలో ఆర్చరీ అంటే విజయవాడే. కోచ్ చెరుకూరి లెనిన్, వోల్గా ఆర్చరీ అకాడమీ, తర్వాత జ్యోతి సురేఖ, ధీరజ్ బొమ్మదేవర, అందరూ ఆడనుంచే. జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో 2023లో మూడు గోల్డ్‌లు కొట్టింది, ధీరజ్ 2024 పారిస్‌లో అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం, పతకం ఒక్క మెట్టులో పోయింది. పిల్లోడు బాగా కొడతా ఉన్నాడు అనగానే తల్లిదండ్రులు విజయవాడలో హాస్టల్లో వేస్తారు, లేదంటే బెంగళూరు. పెద్ద విల్లు కొనే వయసు వచ్చేసరికి వాడు ఊర్లో ఉండడు. మాకు మిగిలేది మొదలుపెట్టే పిల్లలు, మధ్యలో మానేసే పిల్లలు. తప్పు విజయవాడది కాదు, వాళ్ళు కష్టపడి చేసుకున్నారు. మన దగ్గర ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్లు, తారకరామ స్టేడియం, స్థలానికి ఏం తక్కువ, పట్టుకుని కూర్చునే మనిషి కావాలి అంతే. కోవిడ్‌లో గ్రౌండ్లు మూతపడినప్పుడు ఆ ఉండే నలుగురైదుగురు కూడా చెదిరిపోయినారు.

కాంపౌండ్ విల్లుల గురించి ఒక్క మాటే. చివర్లలో చక్రాలు ఉంటాయి కదా, దానికి స్ట్రింగ్ మార్చాలన్నా బో ప్రెస్ అనే మిషన్ కావాల, చేతుల్తో కెలికితే లింబు పగిలి మొహానికి వస్తుంది. మన చుట్టుపక్కల ఆ మిషన్ పెట్టుకున్న షాపు నేను చూళ్ళేదు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పెడతా ఉండారు కాబట్టి ఇంక చానా మంది అటు పోతారు, మీ పిల్లోడు కూడా టీవీలో చూసి అదే అడుగుతాడు, 2025లో ఢిల్లీలో ఆర్చరీ ప్రీమియర్ లీగ్ పెట్టి రామ్‌చరణ్‌ని అంబాసిడర్‌గా తెచ్చినప్పటి నుంచి నాకు ఫోన్లు పెరిగినాయి. 11 ఏళ్ళకి వద్దని చెప్పండి.

ఇంక మీ పిల్లోడి సంగతి.

మొదట కన్ను చూడండి, చెయ్యి కాదు. రెండు చేతులూ ముందుకు చాపి బొటనవేళ్ళు చూపుడువేళ్ళ మధ్య చిన్న సందు పెట్టి దాంట్లోంచి గోడ మీది గడియారం చూడమనండి. ఒక్కో కన్నూ మూసి చూస్తే ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం సందులోనే ఉంటుందో అదే వాడి కన్ను. కుడి కన్ను అయితే కుడిచేత్తో లాగే విల్లు, ఎడమ అయితే ఎడమచేత్తో లాగేది. రాసేది కుడిచేత్తో అయినా సరే మొదట్లోనే కన్ను ప్రకారం పోతే మంచిది, రెండేళ్ళయినాక మార్చేది నరకం.

పౌండ్లు తక్కువ తీసుకోండి, ఇంకా తక్కువ తీసుకోండి. ఆ వయసుకి 14, 16, గట్టి పిల్లోడైతే 18. ఒకాయన, మంచోడే, బ్యాంకులో పని, కొడుకు పుట్టినరోజుకని ఆన్‌లైన్‌లో 40 పౌండ్ల విల్లు తెప్పించినాడు, పెద్దయినా పనికొస్తుందని, ప్యాంటు రెండు సైజులు పెద్దది కొన్నట్టు. పిల్లోడు లాగలేక నడుము వెనక్కి వంచి మెడ బిగబట్టి లాగతా ఉంటే భుజం పట్టేసింది, ఫారం, అంటే నిలబడి లాగే పద్ధతి, పాడైపోయింది. దాన్ని బాగుచేసేదానికి కోచ్‌కి ఏడాది పట్టింది, విల్లు మాత్రం ఇప్పుడు వాళ్ళ షోకేసులో ఉంది. విల్లు మీద రాసిన పౌండ్లు 28 అంగుళాలు లాగితే వచ్చేది, పిల్లోడు 22 అంగుళాలే లాగుతాడు కాబట్టి పౌండ్లు తగ్గుతాయి అనేది నిజమే గానీ ఆ లెక్క చూపించి పెద్ద విల్లు అంటగడితే ఒప్పుకోవద్దు. పిల్లోడు లాగి పట్టుకుని పది లెక్కపెట్టేదాకా వణక్కుండా ఉండాలి, అది నా పరీక్ష.

కొనేటప్పుడు లింబులు విడిగా మార్చుకునే విల్లే కొనండి. ఐఎల్‌ఎఫ్ అని ఒక ఫిట్టింగ్ ఉంది, దాంట్లో ఒక కంపెనీ రైజర్‌కి ఇంకో కంపెనీ లింబులు కూడా ఎక్కుతాయి. పిల్లోడు పెరిగే కొద్దీ లింబుల జత మారుస్తా పోవచ్చు, సీనియర్ పిల్లల దగ్గర పాతవి సగం రేటుకే దొరుకుతాయి. బోల్టుతో బిగించే చెక్క విల్లులు ఇంకా చవక, మొదలుపెట్టేదానికి అవీ బాగుంటాయి, కానీ అవి ఆ మోడల్ లింబులే అడుగుతాయి, ఆ మోడల్ ఆపేస్తే అంతే. ఒకేముక్క ఫైబర్ విల్లు స్కూల్లో అందరూ పంచుకునేదానికి సరే, సొంతానికి వద్దు.

బాణాలు పిల్లోడు లాగే పొడుగు కన్నా రెండు అంగుళాలైనా ఎక్కువ ఉండాల. పొట్టి బాణం వెనక్కి లాగితే బాణం ఆనించే రెస్ట్ మీది నుంచి లోపలికి జారి పడుతుంది, అప్పుడు వదిలితే చెయ్యి పోతుంది. పిల్లలు మూడు నెలల్లో పెరిగిపోతారు కాబట్టి నెలకొకసారి చూసుకోండి. మొదట అల్యూమినియమే కొనండి, కార్బన్ తర్వాత.

షాపు లేదు కాబట్టి ఆ పనులు మీరే నేర్చుకోవాల, పెద్ద విద్యేం కాదు. విల్లు ఎక్కించేదానికి స్ట్రింగర్ తాడు వాడండి, కాలు మధ్యలో పెట్టి వంచేది మానుకోండి, లింబు మెలి పడుతుంది. బో స్క్వేర్ అని టీ ఆకారం స్కేలు, నాలుగు అదనపు నాకులు, సర్వింగ్ దారం ఒక రీలు, రెక్కలు అంటించే జిగ్, అలెన్ కీల సెట్టు, మొత్తం ఒక చిన్న డబ్బాలో పడతాయి. స్ట్రింగ్‌కీ పట్టుకునే చోటుకీ మధ్య దూరం, బ్రేస్ హైట్ అంటారు, ప్రతిరోజూ కొలవండి, చిన్న విల్లులకి విల్లుతో వచ్చే పుస్తకంలో ఇచ్చిందే పెట్టుకోండి, 68 అంగుళాల పెద్ద విల్లుకి అయితే సుమారు 8.5 నుంచి 9 అంగుళాల మధ్య. తగ్గితే స్ట్రింగ్‌ని విప్పి నాలుగు మెలికలు ఎక్కువ తిప్పితే సరి. నాక్ పట్టు చూసేదానికి బాణం స్ట్రింగ్‌కి తగిలించి నేలవైపు వేలాడదీసి స్ట్రింగ్ మీద వేలితో తట్టండి, తడితే ఊడి పడాలి, తట్టకుండా ఊడినా తట్టినా ఊడకపోయినా బాగలేనట్టు.

బాణం లేకుండా లాగి వదిలేది మాత్రం ఎవర్నీ చేయనీయొద్దు. ఇంటికి చుట్టాలొస్తే మొదట చేసే పని అదే, “ఏదీ నేనూ రాముడి మాదిరి లాగుతా” అని. బాణానికి పోవాల్సిన బలం అంతా లింబుల్లోకే తిరిగిపోతుంది, ఒక్కసారికే చీలిపోవచ్చు. ఇంకోటి మన ఎండలు. మే నెలలో తిరుపతి ఎండకి కారులో విల్లు పెట్టి దర్శనానికి పోయి వస్తే లింబుల్లో పొరలు విడిపోతాయి, నా దగ్గరికి అట్లా వచ్చినవి ఉండాయి, వాటికి మందు లేదు.

చెన్నైకి పోవాల్నా అన్నారు కదా, మొదటి విల్లుకి అక్కర్లేదు. రెండోది కొనేటప్పుడు, అంటే 24, 26 పౌండ్లకి వచ్చినాక, విల్లు చేత్తో పట్టుకుని లాగి చూసి కొనే చోటు ఏదైనా ఉంటే మూడు గంటల ప్రయాణం దండగ కాదు. లేదంటే ఏదైనా టోర్నమెంట్‌కి పిల్లోణ్ణి తీసుకపోండి, చూసేదానికే, ఆడ సీనియర్ పిల్లలు బాణాలు సర్దుకుంటా ఉంటారు, వాళ్ళ పక్కన గంట కూర్చుంటే షాపులో నేర్చుకునేదంతా నేర్చుకోవచ్చు. పాత సామాన్లు చేతులు మారేది కూడా ఆడనే. వాళ్ళల్లో ఎవరైనా మీకు స్ట్రింగ్ కట్టిచ్చినా రెక్కలు వేసిచ్చినా వాళ్ళు వద్దన్నా డబ్బులు చేతిలో పెట్టండి. కాలేజీ పిల్లకాయలు అట్లా నాలుగు రూపాయలు వస్తాయంటే మీ ఊర్లో ఆ పని ఇంకొన్నేళ్ళు చేస్తారు.

ఎవరైనా తిరుపతిలో మళ్ళా ఆర్చరీ షాపు పెడితే నడుస్తుందా అని కూడా ఎవరో ఒకరు అడుగుతారు, కాబట్టి ఇప్పుడే చెప్పేస్తా. అద్దె షాపులో విల్లులు పేర్చి పెట్టి అయితే నడవదు. గ్రౌండు పక్కన, లేదంటే అకాడమీలోనే ఒక బల్ల వేసుకుని, పనికి రేటు బోర్డు రాసి పెట్టి, సర్వింగ్ ఇంత, డజను బాణాలకు రెక్కలు ఇంత, ట్యూనింగ్ ఇంత అని, సామాన్లు ఎవడు యాడ కొన్నా సరే నేను చూసుకుంటా అంటే నడిచే చాన్స్ ఉంది. దాంతో ఒకడి ఇల్లు గడవదు, సాయంత్రం పూట పనిగా అయితే సరిపోతుంది.

మీరు చేయాల్సింది ఏందంటే పిల్లోడి ఏ కన్నో చూడండి, గోడకి ఆనించి నిలబెట్టి రెండు చేతులూ పక్కలకి చాపించి ఈ చివరి వేలి కొన నుంచి ఆ చివరి వేలి కొన దాకా టేపుతో కొలవండి, అంగుళాల్లో. దాన్ని 2.5తో భాగిస్తే వాడు లాగే పొడుగు సుమారుగా వస్తుంది. ఆ రెండూ రాయండి, నేర్పించే చోట ఎన్ని పౌండ్ల విల్లు ఇచ్చినారో అది కూడా అడిగి రాయండి, ఏ సైజు రైజర్, ఏ లింబులు, బాణాలు ఎంత పొడుగు ఏ స్పైన్ తీసుకోవాల్నో నేను చెప్తా.